ఆటల ఫారం మీద సంతకం పెట్టే ముందు

– నర్సింగ్ సూపరింటెండెంట్



ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఉండగా మన సంఘంలోని ఒక పెద్దావిడ నన్ను ఆపారు. ఆమె కూతురు, అల్లుడు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంటున్నారు. మనవడు అక్కడ హైస్కూలులో చేరుతున్నాడు, ఫుట్‌బాల్ బాగా ఆడతాడట. "సిస్టరమ్మా, మావాడికి గుండె పరీక్ష చేయిస్తేనే ఆటకి రానిస్తామన్నారంట. పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఇ.సి.జి. ఏంటమ్మా? వాడికేమన్నా ఉంటే మా అమ్మాయి నా దగ్గర దాస్తోందా?" అని అడిగారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

దాచిందేమీ లేదనీ, అక్కడ అది కొత్తగా వచ్చిన చట్టమనీ చెప్పి, మర్నాడు నా గదికి రమ్మన్నాను. ఆమెకు ధైర్యం చెప్పి పంపాను గానీ ఇంటికి వెళ్ళే దారి పొడుగునా నాకు వేరే ఆలోచన. అక్కడి పిల్లవాడి గుండె గురించి వాళ్ళు అంత పట్టుబడుతున్నారు. మన పిల్లలు మండల స్థాయికీ, జిల్లా స్థాయికీ కబడ్డీకి, ఖో-ఖోకి, పరుగు పందేలకి వెళ్ళేటప్పుడు ఫిట్‌నెస్ ఫారం పట్టుకుని మన ఓ.పి.కి వస్తారు. ఆ ఫారం మీద మనం ఏం చూసి సంతకం పెడుతున్నాం?

ముందు అమెరికా సంగతి చెబుతాను, ఎందుకంటే మన సంఘంలో అక్కడ పిల్లలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ దేశమంతటికీ ఒకే నియమం లేదు, ఏ రాష్ట్రం దారి దానిదే. చాలాచోట్ల హైస్కూలు టీములో చేరే పిల్లవాడిని డాక్టరు చూసి ఫారం నింపాలి. పిల్లవాడి ఆరోగ్యం గురించి, కుటుంబం గురించి కొన్ని ప్రశ్నలు, తరువాత చేతితో చేసే పరీక్ష. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు గుండె విషయంలో చూడవలసిన 14 అంశాలను 2014లో చెప్పారు. అందరికీ ఇ.సి.జి. తప్పనిసరి చేయమని మాత్రం వాళ్ళు అనలేదు. టెక్సాస్ రాష్ట్రం 2019లో, ఇ.సి.జి. కావాలంటే అడిగి చేయించుకోవచ్చని తల్లిదండ్రులకు తెలియజేయాలని చట్టం చేసింది. ఫ్లోరిడా 2025లో ఇంకో అడుగు ముందుకు వేసింది. హైస్కూలు ఆటల్లోకి మొదటిసారి వచ్చే పిల్లలు 2026-27 విద్యా సంవత్సరం నుండి ఇ.సి.జి. తీయించుకోవాలని చట్టం తెచ్చింది. ఆ చట్టం రావడానికి వెనుక మైదానంలో కుప్పకూలిన పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల పోరాటం ఉన్నాయి.

ఆరోగ్యంగా కనబడే పిల్లవాడు ఆడుతూ ఆడుతూ ఎందుకు పడిపోతాడు? పెద్దవాళ్ళకు వచ్చే గుండెపోటు వేరు, ఇది వేరు. పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని మూసుకుపోతాయి. పిల్లల్లో సాధారణంగా పుట్టుకతో వచ్చిన తేడా ఉంటుంది. కొందరిలో గుండె కండరం ఉండవలసిన దానికన్నా మందంగా పెరుగుతుంది. దీనిని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క. వారిలో చాలామంది ముసలివాళ్ళయ్యేవరకు బాగానే బతుకుతారు, కొందరికి మాత్రం గట్టిగా పరిగెత్తినప్పుడు గుండె లయ తప్పుతుంది. మరికొందరిలో కండరం బాగానే ఉంటుంది గానీ, గుండెను కొట్టించే కరెంటు ఒక్కొక్క దెబ్బ తరువాత సర్దుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. లాంగ్ క్యూటీ అనేది అదే. ఇంకా గుండెకు రక్తం తెచ్చే నాళం తప్పు చోట నుండి బయలుదేరడం, వైరస్ జ్వరం తరువాత గుండె కండరం వాయడం వంటివి ఉన్నాయి. ఇవి ఉన్న పిల్లవాడు రోజూ బడికి వెళ్తాడు, అన్నం తింటాడు, తమ్ముడితో కొట్లాడతాడు. ఏ తేడా కనబడదు.

వీటికి తోడు మన దేశంలో ఇంకొకటి ఉంది. గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గిన తరువాత కీళ్ళు వాచి, ఆ జబ్బు గుండె కవాటాల మీదికి పోయే రుమాటిక్ జబ్బు. మన వార్డుల్లో పనిచేసిన ఏ నర్సుకైనా ఇది బాగా తెలుసు. 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ కోసం వచ్చే పిల్లల చీట్లు మా డ్రాయర్‌లో ఎప్పుడూ ఉంటాయి.

ఇక్కడ నేను ఒక పాత సంగతి చెప్పాలి. చెప్పడం సుఖంగా లేదు.

1998లో నేను మరొక ఊరిలో మరొక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఆటల పోటీలకు బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఒక పి.ఇ.టి. మాస్టారు ముప్పై మంది పిల్లలను, ముప్పై ఫారాలను తీసుకువచ్చారు. ఓ.పి. అయిపోయింది, డాక్టరు గారికి అవతల ఆపరేషను ఉంది. ఎత్తు, బరువు నేనే చూశాను. బి.పి. మొదటి ఏడెనిమిది మందికి చూశాను. తరువాత చూడకుండానే 110/70, 108/70 అని రాసుకుంటూ పోయాను. డాక్టరు గారి స్టెతస్కోపు ఆయన మెడలోనే ఉంది. ఒక్కొక్క ఫారం మీద "బాగుంది" అని రాసి సంతకం, పక్కన నేను వేసిన రబ్బరు స్టాంపు. మొత్తం పని అరగంటలో అయిపోయింది. అందరం సంతోషించాం, మాస్టారు మాకు టీ కూడా తెప్పించారు.

వాళ్ళలో తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు, కూతకు వెళితే తిరుగులేదని పేరు. మూడు నెలల తరువాత ఒక తెల్లవారుజామున మైదానంలో పరిగెత్తుతూ పడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

పది రోజులకు అతని తండ్రి ఆసుపత్రికి వచ్చాడు. గొడవ చెయ్యలేదు. ఆ ఫారం నకలు మడతపెట్టి జేబులో తెచ్చుకున్నాడు. దానిని బల్ల మీద పెట్టి, "మీరు బాగుందని రాసిచ్చారు కదమ్మా" అన్నాడు. అంతే. నేను నీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టాను. మెల్లగా మాటలు వచ్చాయి. తన అన్న ఇరవై రెండేళ్ళకు ధాన్యం బస్తా మోస్తూ కళ్ళంలోనే పోయాడట. ఈ పిల్లవాడు అంతకు ముందు ఏడాది రెండుసార్లు ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయాడట. "ఎండదెబ్బ అనుకున్నామమ్మా, మజ్జిగ తాగించాం" అన్నాడు.

పోస్టుమార్టం జరగలేదు కాబట్టి ఆ పిల్లవాడికి ఏ జబ్బు ఉందో నాకు ఈనాటికీ తెలియదు. మేము సరిగ్గా చూసినా పట్టుకునేవాళ్ళమో లేదో కూడా తెలియదు. కానీ "ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా పోయారా? నువ్వు ఎప్పుడైనా పడిపోయావా?" అని అడగడానికి మిషను అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. ఒక నిమిషం పట్టేది. నేను అడగలేదు.

మా చిన్న డాక్టర్లు ఈ విషయంలో నాతో వాదిస్తారు. ఫ్లోరిడా లాగా మనం కూడా ఆడే ప్రతి పిల్లవాడికీ ఇ.సి.జి. తీసేద్దాం, అయిదు నిమిషాల పని, ఖర్చు కూడా తక్కువే కదా అంటారు. ఇటలీని చూడమంటారు. అక్కడ 1982 నుండి పోటీల్లో ఆడేవారందరికీ ఇ.సి.జి.తో కూడిన పరీక్ష చట్టప్రకారం తప్పనిసరి. ఆ దేశంలోని వెనెటో ప్రాంతంలో 1979-80లో ఆటగాళ్ళలో లక్షకు ఏడాదికి 3.6 చొప్పున ఉన్న ఆకస్మిక మరణాలు 2003-04 నాటికి 0.4కు తగ్గాయని 2006లో అక్కడి డాక్టర్లు ప్రకటించారు. ఇది చిన్న మాట కాదు. జపాన్‌లో అయితే ఆటగాళ్ళనే కాదు, బడి పిల్లలనే తీసుకున్నారు. 1995 నుండి ప్రైమరీ, మిడిల్, హైస్కూలు మూడింటిలోనూ మొదటి సంవత్సరంలో పిల్లలందరికీ ఇ.సి.జి. తీస్తున్నారు.

నేను ఇ.సి.జి.కి వ్యతిరేకిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ కాగితాలు చూస్తున్నదానిని. కాని మిగతా లెక్కలు కూడా చూడాలి. ఇజ్రాయెల్ దేశం 1997లో ఇటువంటి చట్టమే తెచ్చింది. దానికి ముందు, తరువాత ఆటగాళ్ళ మరణాలను పోల్చి 2011లో ప్రకటించినప్పుడు లక్షకు ముందు 2.54, తరువాత 2.66 అని తేలింది. అంటే తేడా లేదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆడే కుర్రవాళ్ళు 11,168 మందికి 1996 నుండి 2016 వరకు ప్రశ్నలు, ఇ.సి.జి.తో పాటు ఎకో కూడా చేశారు. 42 మందిలో ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు బయటపడ్డాయి. ఆ మేరకు మంచి జరిగినట్టే. కాని ఆ తరువాతి కాలంలో గుండె జబ్బుతో పోయిన ఎనిమిది మందిలో ఆరుగురి పరీక్షలు బాగున్నాయనే వచ్చాయి. పరీక్ష చేసిన రోజు బాగున్న గుండెలో జబ్బు తరువాత సంవత్సరాల్లో బయటపడవచ్చు. కొన్ని జబ్బులు విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి.లో కనబడనే కనబడవు.

రెండో ఇబ్బంది చదివేవాళ్ళది. బాగా ఆడే పిల్లల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, కొంచెం పెద్దదవుతుంది. అది జబ్బు కాదు, సాధన ఫలితం. ఆ తేడా తెలుసుకోవడానికి ప్రపంచ నిపుణులు 2017లో ప్రత్యేకంగా సూచనలు తయారు చేశారంటే అది ఎంత కష్టమో ఊహించండి. మిషను తనంతట తాను పైన "అబ్‌నార్మల్" అని అచ్చు వేస్తుంది. దానిని చూసి ఇంట్లో తల్లి అన్నం మానేస్తుంది, పిల్లవాడిని ఆట మానిపిస్తారు, పట్నానికి పరుగెత్తుతారు. నెల తరువాత ఏమీ లేదని తేలుతుంది. ఆడపిల్లల విషయం మరీ సున్నితం. ఛాతీ మీద తీగలు పెట్టాలి కాబట్టి ఆడ టెక్నీషియనో, నర్సో ఉండాలి. స్కూలు వరండాలో వరుసగా నిలబెట్టి చేసే పని కాదు.

మూడోది మన సొంత సమస్య. ఫ్లోరిడాలో వెదికే జబ్బులకు ఇ.సి.జి. అక్కరకు వస్తుంది. మన పిల్లల్లో రుమాటిక్ కవాటం జబ్బు మొదట్లో ఇ.సి.జి.లో పట్టుబడదు. శ్రద్ధగా స్టెతస్కోపు పెడితే కొన్ని దొరుకుతాయి, ఎకోలో ఇంకా దొరుకుతాయి. గుండెలో రంధ్రం సంగతీ దాదాపు అంతే. కాబట్టి అక్కడి చట్టాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే మన పిల్లల్లో ఎక్కువగా ఉన్నదే వదిలేసినవాళ్ళం అవుతాం.

అందుచేత నా అభిప్రాయం ఇది. మొదట ప్రశ్నలు, తీరికగా. తరువాత చొక్కా విప్పించి పరీక్ష. ఈ రెంటిలో ఏ అనుమానం వచ్చినా ఇ.సి.జి., ఎకో. జిల్లా స్థాయి, ఆ పైన ఆడే పిల్లలకు అనుమానం లేకున్నా ఒకసారి ఇ.సి.జి. తీసి, చదవగలిగిన డాక్టరుకు చూపించాలి. పిల్లలందరికీ ఇ.సి.జి. తీసి ప్రశ్నలు మానేయడం కన్నా, ప్రశ్నలు సరిగ్గా అడగడం మేలు.

ప్రశ్నలు అంటే తేలిక అనుకోకండి. మన ఇళ్ళలో సమాధానాలు వేరే పేర్లతో ఉంటాయి. "మీ కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?" అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది లేదనే అంటారు. అబద్ధం కాదు, వాళ్ళకు తెలిసింది అంతే. అదే, "మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా?" అని అడిగితే మాట మారుతుంది. "మా చిన్నాన్న నిద్రలోనే పోయాడు." "మా అత్త కొడుకు ఈతకు వెళ్ళి పోయాడు." ఈత బాగా వచ్చినవాడు బావిలో మునిగిపోయాడంటే అది మునక కాకపోవచ్చు, నీళ్ళలో గుండె లయ తప్పి ఉండవచ్చు. లాంగ్ క్యూటీలో ఒక రకానికి ఈత ప్రత్యేకంగా ప్రమాదం. "మూర్ఛ ఉందమ్మా, మందులు వాడుతున్నాం" అంటారు. కొన్నిసార్లు ఆ మూర్ఛ మెదడుది కాదు. గుండె కొన్ని క్షణాలు ఆగి మెదడుకు రక్తం అందక కాళ్ళు చేతులు కొట్టుకోవడం. పరిగెత్తినప్పుడో, ఉలిక్కిపడినప్పుడో వచ్చే "ఫిట్సు"కు తప్పకుండా ఇ.సి.జి. తీయాలి.

కళ్ళు తిరగడంలో కూడా తేడా చూడండి. ఉదయం ఏమీ తినకుండా ప్రార్థనలో ఎండలో నిలబడి పడిపోయే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. దానికి అంత భయపడనక్కరలేదు. పరిగెత్తుతూ ఉండగా, కూత మధ్యలో పడిపోయినవాడి సంగతి వేరు. అది మజ్జిగతో తగ్గేది కాదు. ఆడుతుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, తోటివాళ్ళకు లేని ఆయాసం, ఉన్నట్టుండి గుండె దడ కూడా అడగాలి. ఈ ప్రశ్న పిల్లవాడిని తండ్రి ముందు, మాస్టారి ముందు అడిగితే నిజం చెప్పడు. టీములో నుంచి తీసేస్తారని భయం. కాస్త పక్కకు పిలిచి అడగండి.

ఆడపిల్లలైతే తల్లులే దాస్తారు. "పడిపోతుందని తెలిస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయి సిస్టర్?" అని ఒక తల్లి నాతోనే అంది. ఆమెను నేను తప్పు పట్టలేను, ఊరు అలా ఉంది. కాని చీటీ మీద రాసింది ఓ.పి. దాటి బయటకు పోదు, ఆ మాట నేను ఇస్తున్నాను.

మేనరికాల సంగతి కూడా ఒకటి చెప్పాలి. పుట్టు చెవుడుతో పాటు లాంగ్ క్యూటీ కలిసి వచ్చే అరుదైన జబ్బు ఒకటుంది. తల్లి తండ్రి ఇద్దరి నుంచీ ఆ లోపం వస్తేనే వస్తుంది కాబట్టి దగ్గర సంబంధాలు చేసుకున్న ఇళ్ళలో దానికి అవకాశం ఎక్కువ. పుట్టుకతో వినబడని పిల్లలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, ఆటలు ఆడినా ఆడకపోయినా, ఒకసారి ఇ.సి.జి. తీయించండి. ముఖ్యంగా ఆ పిల్లలు ఎప్పుడైనా స్పృహ తప్పి ఉంటే ఆలస్యం చేయకండి.

చేతితో చేసే పరీక్ష గురించి ఎక్కువ రాయను, అది మా పని. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి గుండె చప్పుడు వినాలి. కండరం మందమైన గుండెలో కొందరికి నిలబడినప్పుడు చప్పుడు పెరుగుతుంది. తొడ దగ్గర నాడి చూడాలి. బి.పి. నిజంగా చూడాలి. బాగా పొడుగ్గా, చేతులు ఎత్తు కన్నా పొడవుగా, వేళ్ళు సన్నగా ఉన్న పిల్లలను వాలీబాల్ మాస్టార్లు ముందు ఏరుకుంటారు. వాళ్ళలో ఒకరిద్దరికి గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం బలహీనంగా ఉండే జబ్బు ఉండవచ్చు. మీ తరఫు నుండి ఒక్కటే అడుగుతాను: మేము చొక్కా విప్పమంటే విసుక్కోకండి, విప్పమనకపోతే మమ్మల్ని అడగండి.

జబ్బు బయటపడితే బతుకు అయిపోయినట్టు కాదు. రుమాటిక్ పిల్లలకు ఇంజెక్షన్లు తప్పకుండా వేస్తూ ఉంటే మరింత చెడకుండా కాపాడవచ్చు. లాంగ్ క్యూటీకి మాత్రలున్నాయి. కొందరికి ఛాతీలో చిన్న పరికరం అమరుస్తారు. ఏ ఆట ఆడవచ్చో, ఎంత ఆడవచ్చో గుండె డాక్టరు చెబుతారు. కొందరు పూర్తిగా మానాలి, చాలామంది మానక్కరలేదు. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడులకు వచ్చే బృందాలు పుట్టుకతో వచ్చే గుండె జబ్బులనూ, రుమాటిక్ గుండె జబ్బునూ చూడాలి. వాళ్ళు వచ్చిన రోజు పిల్లవాడిని బడి మాన్పించకండి. ఆపరేషను కావలసి వస్తే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఉంది. ప్రభుత్వాలతో పాటు దాని పేరు మారుతూ ఉంటుంది గానీ కార్డు ఉన్నవారికి సాయం ఉంది, మా కౌంటరులో అడగండి.

ఇన్ని చేసినా కొందరు మన చూపు తప్పించుకుంటారు. అప్పుడు మైదానంలో ఏం జరుగుతుందన్నదే ప్రాణం. 2012 మార్చి నెలలో ఒకే వారంలో రెండు సంఘటనలు జరిగాయి. మార్చి 17న లండన్‌లో ఫాబ్రిస్ మువాంబా అనే 23 ఏళ్ళ ఫుట్‌బాల్ ఆటగాడు ఆట మధ్యలో పడిపోయాడు. అంతకు ముందు అతనికి గుండె పరీక్షలు జరిగాయి, తేడా కనబడలేదు. ఆటగాళ్ళు చూస్తుండగానే ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు, షాకు ఇచ్చారు, ఆట చూడడానికి వచ్చిన ఒక గుండె డాక్టరు స్టాండులో నుంచి దిగి పరిగెత్తుకొచ్చాడు. 78 నిమిషాల పాటు అతని గుండె తనంతట తాను కొట్టుకోలేదు. అయినా బతికాడు. నాలుగు రోజుల తరువాత మార్చి 21న మన బెంగళూరులో వెంకటేశ్ అనే ఆటగాడు ఆట చివరి నిమిషాల్లో పడిపోయాడు. అక్కడ ఆంబులెన్సు లేదు, ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళారని ఆనాటి పత్రికలు రాశాయి. అతను బతకలేదు. ఇద్దరి జబ్బులూ ఒకటేనని నేను అనను. కాని మన మైదానాలు ఇప్పటికీ ఆ బెంగళూరు మైదానం లాగే ఉన్నాయి.

గుండె లయ తప్పి పడిపోయినవారికి షాకు ఇవ్వడం ఒక్కొక్క నిమిషం ఆలస్యమైతే, ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, బతికే అవకాశం నూటికి 7 నుండి 10 వంతులు తగ్గుతుంది. మన ఊరి హైస్కూలు మైదానం నుండి మన క్యాజువాలిటీకి ఆటోలో ఇరవై నిమిషాలు. లెక్క మీరే వేసుకోండి. ఎవరూ తగలకుండా ఆడే పిల్లవాడు పడిపోయి, పిలిస్తే పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే, అది గుండె ఆగడమే అనుకోండి. మొదటి నిమిషంలో ఎగశ్వాసలా నోరు తెరిచి తెరిచి పీల్చవచ్చు, కాళ్ళు కొట్టుకోవచ్చు. అది చూసి మనవాళ్ళు ఫిట్సు అనుకుని చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, మొహం మీద నీళ్ళు కొడతారు. దయచేసి ఆ పనులు చేయకండి. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో ఎముక మీద ఒక అరచేయి, దాని మీద రెండవది పెట్టి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. సాయం వచ్చేవరకు ఆపకూడదు. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడవద్దు, విరిగిన ఎముక అతుక్కుంటుంది.

మైదానాల దగ్గర ఉంచే షాకు మిషను పేరు ఏ.ఇ.డి. అది ఏం చేయాలో మాట్లాడి చెబుతుంది, చదువు రానివారు కూడా వాడవచ్చు. జిల్లా పోటీలు జరిగే చోట ఒకటైనా ఉండాలని అడగడం మన హక్కు. కప్పులకు, శాలువాలకు, స్టేజీకి అయ్యే ఖర్చు చూస్తూనే ఉన్నాం కదా.

మన ఆసుపత్రిలో నేను చేయగలిగింది ఒకటి మొదలుపెట్టాను. ప్రయాణం ముందు రోజు సాయంత్రం తెచ్చిన ఫారాలను మా నర్సులు తీసుకోరు. పోటీలకు కనీసం రెండు వారాల ముందు, పది మంది చొప్పున, ఇంటి నుండి ఒక పెద్దవారితో రావాలి. ఇద్దరు పి.ఇ.టి. మాస్టార్లకు నా మీద కోపం వచ్చింది. ఒకరు వేరే చోట పావుగంటలో సంతకాలు చేయించుకుని వెళ్ళారని తెలిసింది. ఆ సంగతి ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలుసో లేదో. ఛాతీ నొక్కడం నేర్చుకోవాలనే బడి అయినా, యువకుల బృందమైనా మా నర్సింగ్ ఆఫీసులో చెబితే బొమ్మ తీసుకుని మేమే వస్తాం. గంట చాలు.

సోమవారం ఆ పెద్దావిడ వచ్చారు. నేను ఫ్లోరిడా చట్టం సంగతి చెబితే మనసు కుదుటపడింది. వెళ్ళబోతుంటే, అలవాటు కొద్దీ, "అమ్మగారూ, మీ పుట్టింట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా?" అని అడిగాను. లేదన్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "మా తమ్ముడు పోయాడమ్మా, పదహారేళ్ళకి. కాలువలో. కానీ అది గుండె కాదు, మునిగిపోయాడు."

"ఈత రాదా?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఊళ్ళో పిల్లలందరికీ ఈత నేర్పింది వాడే" అన్నారు.

వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. సంచీలో నుంచి ఫోను తీసి కూతురి నంబరు నొక్కారు. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది. అవతలి మాటలు నాకు వినబడలేదు. ఈవిడ మాత్రం, "ఏం కాలేదులే, కంగారు పడకు. ఆ స్కూలు కాగితంలో మీ మావయ్య సంగతి రాశావా? అదే, నువ్వు పుట్టకముందు పోయాడే... ఇదిగో, సిస్టరమ్మ మాట్లాడతారు" అని ఫోను నా చేతికి ఇచ్చారు.